బోరు నీళ్ళు తినేసిన నిపుల్: పాత లారీలో కూలంట్ ఫిట్టింగ్ మార్చే పద్ధతి

రేడియేటర్‌లో నీళ్ళు రోజుకింత తగ్గుతున్నాయి. బండి కింద తడి కనపడదు. పెద్ద హోస్ పైపులు బాగానే ఉన్నాయి, వాటర్ పంపు దగ్గర చుక్క కారడం లేదు. మీ లారీ పాతదైతే ఇలాంటప్పుడు ముందు చూడాల్సిన చోటు ఒకటుంది: బ్రేకులకి గాలి నింపే ఎయిర్ కంప్రెసర్‌కి, దాన్ని చల్లబరిచే నీళ్ళు తీసుకెళ్ళే సన్న హోస్ పైపు ఇంజన్ బ్లాకుని కలిసే చోటు. అక్కడ మరలతో బిగించిన బొటనవేలంత నిపుల్ ఉంటుంది. కొన్ని బండ్లలో తిన్నగా, కొన్నింటిలో మోచేతిలా వంపు తిరిగి (ఎల్బో) ఉంటుంది. దుమ్మూ నూనే కలిసి గడ్డకట్టిన మూలలో ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. అక్కడ కారిన నీళ్ళు వేడి బ్లాకు మీదే ఆవిరైపోతాయి, అందుకే నేల తడవదు.

చిన్న ముక్కే కదా అని వదిలేయవద్దు. ఈ పైపులో నీళ్ళు ఆగితే ముందు దెబ్బ తినేది కంప్రెసర్. చల్లబడని కంప్రెసర్‌లో నూనె మాడి మసి కడుతుంది, ఆ మసి గాలి బయటికి పోయే పైపుని పూడ్చేస్తుంది, ట్యాంకుల్లో గాలి నిండటం ఆలస్యమవుతుంది. ఎయిర్ బ్రేకు బండిలో అదెంత ప్రమాదమో భాకరాపేట ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో లోడుతో దిగేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తోతాపురి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో నిలబడినప్పుడు ఈ నిపుల్ తెగితే కిరాయీ పోతుంది, కాయా పాడవుతుంది. అందుకే సీజన్ రాకముందే, ట్రిప్పు లేని రోజు చూసుకుని ఈ పని పెట్టుకోండి. నిపుల్ సులువుగా ఊడితే సగం రోజు పని. మొండికేస్తే రెండో రోజు కూడా పడుతుంది, దానికి సిద్ధపడే మొదలుపెట్టండి.

మన వైపు ఇది త్వరగా పోవడానికి కారణం మనం పోసే నీళ్ళు. చిత్తూరు జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్ళతో సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అదే పొర ఇంజన్ లోపలా కడుతుంది. నీళ్ళలో ఉన్న ఉప్పు ఇనుముని తింటుంది. దారిలో ఎక్కడ తగ్గితే అక్కడి కుళాయి నీళ్ళు పోస్తూ పోవడం వల్ల ప్రతిసారీ కొత్తగా ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది, రేడియేటర్ నీళ్ళలో కలిపే కూలంట్ ద్రవం ఏ కాస్త ఉన్నా అదీ పలచబడుతుంది. నిపుల్‌కి మరలు కోసిన చోట లోహం అన్నిటికంటే పలచన. తుప్పు లోపలి నుంచి తింటూ వచ్చి ముందు అక్కడే బయటపడుతుంది.

మనకి ఇక్కడ మంచు కురవదు కదా, కూలంట్ దేనికి అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. అందులో కలిపే మందులు లోహాన్ని తుప్పు నుంచి కాపాడతాయి. సగం కూలంట్, సగం నీళ్ళు కలిపితే మరిగే వేడి కూడా 100 డిగ్రీల నుంచి 107 దాకా పెరుగుతుంది, రేడియేటర్ మూత నిలిపే ఒత్తిడి వల్ల ఇంకా పైకి పోతుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతిలో మనకి కావాల్సినవి ఈ రెండు గుణాలే.

కమిన్స్ 6బీటీ ఇంజన్ ఉన్న పాత టాటా లారీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. దీని బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. అశోక్ లేలాండ్ అయినా మరొకటైనా పని తీరు ఇదే, నిపుల్ ఉండే చోటూ మరల కొలతా మారతాయి. మీ కంప్రెసర్‌కి నీళ్ళ పైపులే లేకుండా ఒంటి నిండా రెక్కలుంటే అది గాలితో చల్లబడే రకం. అలాంటి బండిలో హెడ్డు మీదా, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌కి వదిలే కవాటం) హౌసింగ్ దగ్గరా ఉండే నిపుళ్ళని చూడండి.

లీకు అక్కడేనా?

చల్లటి ఇంజన్ మీద ఆ మూలని డీజిల్, బ్రష్షుతో కడిగి బాగా తుడవండి. ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ కొద్దిగా చల్లండి. ఇంజన్ వేడెక్కేదాకా నడిపి ఆపేసి, చల్లారేదాకా మధ్యమధ్యలో టార్చి వేసి చూడండి. పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో లీకు అక్కడే. కొన్ని నిపుళ్ళు వేడి మీద బిగుసుకుని ఊరుకుంటాయి, చల్లారుతున్నప్పుడే చెమ్మ వదులుతాయి. అందుకే ఆపిన తర్వాత చూడటం ముఖ్యం.

నిపుల్ మొదట్లో తెల్లటి పొక్కు, తుప్పు రంగు చార, ఇత్తడిదైతే పచ్చటి చిలుము కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గీకండి. పొరలు పొరలుగా రాలితే అది అయిపోయినట్టే. చేత్తో మాత్రం ఊపి చూడకండి, రేపు పని పెట్టుకున్నది ఈరోజే విరుగుతుంది.

ఊడదీయడానికి ముందు రోజు రాత్రే రస్ట్ రిమూవర్ స్ప్రేనో డబ్ల్యూడీ-40నో మరల మొదట్లో కొట్టి వదిలేయండి. పొద్దున మరోసారి కొట్టండి. రాత్రంతా నానితే సగం కష్టం తగ్గుతుంది.

నీళ్ళు దింపడం

బండిని చదునుగా ఉన్న చోట పెట్టండి. చక్రాలకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తిప్పకూడదు. లోపల నీళ్ళు ఒత్తిడితో ఉంటాయి, వేడి 100 డిగ్రీల పైన కూడా ఉండొచ్చు. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. పై హోస్ పైపుని అరచేత్తో పట్టుకుని హాయిగా నిలవగలిగినప్పుడే మూత ముట్టుకోండి, అప్పుడు కూడా గుడ్డ కప్పి తిప్పండి.

రేడియేటర్ అడుగున ఉన్న కాక్ (చిన్న కుళాయి) తెరిచి, బ్లాకు డ్రెయిన్ ప్లగ్గు కూడా తీయండి. కాక్ ఒక్కటే తెరిస్తే బ్లాకులో నీళ్ళు మిగిలిపోయి, నిపుల్ ఊడగానే మీ చేతి మీదుగా కారతాయి. దిగిన నీళ్ళని బకెట్లలో పట్టి ఎన్ని లీటర్లో రాసుకోండి. తిరిగి నింపేటప్పుడు గాలి చిక్కుకుందో లేదో చెప్పేది ఈ లెక్కే.

ఈ నీళ్ళని రోడ్డు పక్క పారబోయకండి. కూలంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పశువులూ ఇష్టంగా తాగుతాయి, కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలు పాడై చనిపోతాయి. షెడ్డు దగ్గర పిల్లలు తిరుగుతుంటే మరీ జాగ్రత్త. మూతున్న క్యానులో పోసి, పాత ఆయిల్ తీసుకెళ్ళేవాళ్ళకి విడిగా ఇవ్వండి. ఆయిల్‌లో కలపవద్దు.

పాత నిపుల్‌ని ఊడదీయడం

పని మొత్తంలో ఓపిక కావాల్సింది ఇక్కడే.

హోస్ పైపుని గుంజకండి. గుంజితే ఆ బలమంతా తుప్పు పట్టిన మరల మీద పడుతుంది. క్లిప్పు వదులు చేసి, పైపుని బ్లేడుతో నిలువుగా చీల్చి విప్పేయండి. ఎలాగూ కొత్త పైపు వేస్తారు కాబట్టి పాతదాని మీద మమకారం పెట్టుకోవద్దు.

నిపుల్‌కి ఆరు పలకల తల ఉంటే దానికి సరిగ్గా పట్టే రింగు స్పానర్ కానీ సాకెట్ కానీ వాడండి. మూతి తెరిచి ఉండే డీ స్పానర్‌తో పలకలు గుండ్రంగా అరిగిపోతాయి. స్పానర్ పెట్టే ముందు నిపుల్ తల మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయండి, మరల్లో తుప్పు పగులుతుంది. మొదట బిగించే వైపు వెంట్రుకవాసి కదపండి, తర్వాత విప్పే వైపు తిప్పండి. కొద్దిగా కదిలితే మళ్ళీ నూనె కొట్టి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయండి. ఒక్క ఊపులో తీసేయాలనే తొందర వద్దు.

తల లేని గుండ్రటి నిపుల్ అయితే పైపు రెంచి వాడాలి. పట్టే ముందు నిపుల్ లోపల సరిపోయే బోల్టో ఇనుప చువ్వో దూర్చండి. లేకపోతే పలచబడిన గోడ రెంచి కింద చప్పిడి అయిపోతుంది.

అయినా కదలకపోతే వేడి పెట్టాలి. గ్యాస్ మంటని నిపుల్ మీద పెట్టకండి, దాని చుట్టూ ఉన్న బ్లాకు మీద తిప్పుతూ వేడి చేయండి. చుట్టూ ఉన్న ఇనుము వ్యాకోచిస్తే మరలు వదులవుతాయి. అంతకుముందు కొట్టిన స్ప్రేని పూర్తిగా తుడిచేయాలి, అది మండుతుంది. డీజిల్ పైపులూ వైర్లూ దగ్గరగా ఉంటే రేకు అడ్డం పెట్టి, పక్కన ఇసుక బకెట్టు ఉంచుకోండి. ఇంధన పైపు మరీ ఆనుకుని ఉంటే మంట ఆలోచన మానేసి అనుభవం ఉన్న మెకానిక్‌ని పిలవండి. వేడి బ్లాకు మీద చన్నీళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయవద్దు, పోత ఇనుము పగులుతుంది.

విరిగిందనుకోండి, మరలు లోపలే ఉండిపోయాయి. కంగారు పడకండి. చాలామంది వెంటనే ఈజీ అవుట్ (విరిగిన బోల్టుని లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్టు) దింపుతారు. గట్టి బోల్టుకి అది మంచిదే కానీ, బోలుగా ఉన్న పలచటి నిపుల్‌లో అది గోడని బయటికి నెట్టి ఇంకా బిగిస్తుంది. ఈజీ అవుటే లోపల విరిగితే అది గట్టి ఉక్కు కాబట్టి డ్రిల్లు దిగదు. నేను నమ్మే పద్ధతి వేరు. ముందు రంధ్రం లోపలికి గ్రీజు పూసిన గుడ్డ ముక్క తోయండి, దానికి దారం కట్టి కొస బయట ఉంచండి. ఇనుప రజను లోపలికి పోకుండా అది ఆపుతుంది. హాక్సా బ్లేడు ముక్కకి ఒక కొసన గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని, నిపుల్ గోడని లోపలి నుంచి నిలువుగా కోయండి. బ్లాకు మరలు తగలబోతున్నాయనగా ఆపేయండి. కాస్త ఎడంగా ఇంకో గాటు పెట్టండి. రెండు గాట్ల మధ్య ముక్కని సన్న ఉలితో లోపలికి మడిస్తే మిగతాది వదులై చేత్తో వచ్చేస్తుంది. ఆలస్యమైనా బ్లాకు మరలు దెబ్బతినవు. ఈ పని చేసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి.

దుకాణానికి వెళ్ళే ముందు

ఊడదీసిన పాత నిపుల్‌ని, ముక్కలైనా సరే, జేబులో వేసుకునే దుకాణానికి వెళ్ళండి. సైజు నోటితో చెప్తే పొరపాటు జరుగుతుంది. పైపు మరల కొలత పేరుకి తగ్గట్టు ఉండదు. అర అంగుళం అని పిలిచే మర బయట వెర్నియర్‌తో కొలిస్తే 21 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. మూడు బై ఎనిమిది అంటే 17 దగ్గర, పావు అంగుళం అంటే 13.5 దగ్గర.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కమిన్స్ అమెరికా డిజైన్, అక్కడి పైపు మరలు ఎన్‌పీటీ రకం. మన ప్లంబింగ్ దుకాణాల్లో దొరికేవి బీఎస్‌పీ, బ్రిటిష్ రకం. ఎన్‌పీటీ మర పన్ను కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55. అర అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరలే కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి చక్కగా దిగినట్టే అనిపిస్తుంది. బిగుసుకుంటుంది కూడా. కానీ పన్నుల మధ్య సందు మిగిలిపోతుంది, వేడెక్కాక లీకు మొదలవుతుంది. పావు అంగుళం, మూడు బై ఎనిమిదిలో అయితే ఎన్‌పీటీకి 18 మరలు, బీఎస్‌పీకి 19. రెండు మూడు చుట్లు దిగి ఆగిపోతుంది, బలవంతం చేస్తే బ్లాకు మరలే పోతాయి. కొన్ని ఇంజన్లలో మిల్లీమీటర్ మర కింద రాగి వాషర్ ఉంటుంది. థ్రెడ్ గేజి ఉన్న లేత్ షాపులో పాతదాన్ని చూపిస్తే క్షణాల్లో తేల్చి చెప్తారు. బండి కంపెనీ స్పేర్స్ దుకాణంలో దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే పాతదాన్ని నమూనాగా ఇచ్చి లేత్ మీద ఇత్తడితో చేయించుకోండి, మర రకం మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇత్తడే ఎందుకంటే పోత ఇనుప బ్లాకులో ఇత్తడి నిపుల్ ఇనుములా తుప్పు పట్టదు, తర్వాత ఎప్పుడైనా తీయాలన్నా సులువుగా వస్తుంది. మామూలు ఇనుప నిపుల్ మళ్ళీ అదే దారి పడుతుంది. జీఐ నిపుల్ అసలు వద్దు, దాని మీది జింకు పూత వేడి కూలంట్‌లో రాలి బురదగా మారుతుంది. ఒక్క చోట మాత్రం ఇత్తడి పనికిరాదు: థర్మోస్టాట్ హౌసింగ్ లాంటి అల్యూమినియం పోతలో. అక్కడ ఇత్తడి పెడితే చుట్టూ ఉన్న అల్యూమినియం తినేయబడుతుంది. దానికి కంపెనీ ఇచ్చిన రకమే వేయండి.

అదే చేత్తో కూలంట్ హోస్ పైపు కూడా కొనండి. తోటకి నీళ్ళు పెట్టే పైపూ, గ్యాస్ పైపూ ఆ వేడికి మెత్తబడి జారిపోతాయి.

కొత్తది బిగించడం

బ్లాకు రంధ్రంలో మరల్ని ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చేయండి. తుప్పు మొండిగా ఉంటే అదే రకం మర ట్యాపుకి (మరలు కోసే పనిముట్టు) గ్రీజు పూసి మెల్లగా తిప్పి తీయండి, రజను గ్రీజుకి అంటుకుని బయటికి వస్తుంది. కొత్త మరలు కోయడం మన ఉద్దేశం కాదు, కాబట్టి ట్యాపు చేతి బలంతో దిగినంతవరకే తిప్పండి. నిపుల్ విరిగి లోపల గుడ్డ ముక్క పెట్టి ఉంటే, తర్వాత దారం పట్టి దాన్ని బయటికి లాగండి. ఇది మర్చిపోతే ఆ గుడ్డే నీళ్ళ దారికి అడ్డం పడుతుంది.

మరలకి పూసే సీలెంట్ పేస్టు టేపు కంటే మంచిది. అనబాండ్, లాక్‌టైట్ కంపెనీలవి మన వైపు దొరుకుతాయి, పైపు మరలకీ కూలంట్‌కీ తగిన రకం అని డబ్బా మీద చూసి తీసుకోండి. టెఫ్లాన్ టేపే వాడితే నిపుల్ కొసని మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో మూడు నాలుగు చుట్లు చుట్టండి. మొదటి రెండు మరలు ఖాళీగా వదలాలి, లేకపోతే తెగిన టేపు పోగులు కంప్రెసర్ సన్న దారుల్లోకి కొట్టుకుపోతాయి. ఎం-సీల్ మెత్తి లీకు ఆపడం మాత్రం వద్దు. రేపు దాన్ని తీసేవాడి కష్టం అంతా ఇంతా కాదు, లోపల తుప్పు మామూలుగానే నడుస్తుంది.

చేత్తో తిప్పగలిగినంత తిప్పి, తర్వాత స్పానర్‌తో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు. ఈ మరలు కొసకి పోయేకొద్దీ సన్నబడతాయి, సీసాకి బిరడా దిగినట్టు దిగుతాయి. ఎంత బిగిస్తే అంత మంచిదనుకుంటే బ్లాకే చీలుతుంది. ఎల్బో అయితే దాని మూతి పైపు వచ్చే వైపుకి తిరిగేలా ముందే అంచనా వేసుకోవాలి. దాటిపోతే వెనక్కి తిప్పకండి. పూర్తిగా విప్పి, తుడిచి, మళ్ళీ పేస్టు పూసి బిగించండి. రాగి వాషర్ ఉన్న రకానికి ఈ లెక్క వర్తించదు, దానికి కొత్త వాషర్ వేసి మామూలుగా బిగిస్తే చాలు. పేస్టు ఆరడానికి డబ్బా మీద ఎంత సమయం రాశారో అంతా ఆగండి.

హోస్ పైపు దూర్చేటప్పుడు ఇంజన్ ఆయిల్, గ్రీజు పూయకండి, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. సబ్బు నీళ్ళు చాలు. క్లిప్పు నిపుల్ మూతి మీది గట్టు దాటిన తర్వాత పడాలి. పైపు ఎక్కడా ఎగ్జాస్ట్‌కి తగలకుండా, ఫ్యాన్ బెల్టుకి దూరంగా ఉండేలా చూసుకోండి. పైపు రెండో చివర కంప్రెసర్ మీద ఉన్న నిపుల్‌ని కూడా ఇప్పుడే చూడండి. రెండూ ఒకే నీళ్ళు తాగాయి, సాధారణంగా రెండూ ఒకే స్థితిలో ఉంటాయి.

నింపడం, గాలి తీయడం

దింపిన నీళ్ళు కాఫీ రంగులో వచ్చి ఉంటే, కాక్, బ్లాకు ప్లగ్గు మూసి, బ్యాటరీ వైరు తిరిగి పెట్టి, మంచి నీళ్ళతో నింపి ఇంజన్ కాసేపు నడిపి, చల్లార్చి, మళ్ళీ దింపండి. తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. ఆ తర్వాత బోరు నీళ్ళు ముట్టుకోవద్దు. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో హెవీ డీజిల్ ఇంజన్లకి పనికొచ్చే కూలంట్ సగానికి సగం కలపండి. రెడీమిక్స్ కొంటే అందులో నీళ్ళు కలపాల్సిన పనిలేదు. రెండు వేర్వేరు రకాలు, రంగులు కలిపి పోయవద్దు.

మెల్లగా పోయండి. కంప్రెసర్ నుంచి తిరిగి వచ్చే పైపు క్లిప్పుని పై చివర వదులు చేసి ఉంచితే అక్కడ చిక్కిన గాలి బుడబుడమని బయటికి పోతుంది. బుడగలు ఆగి కూలంట్ ధారగా వచ్చాక బిగించండి. బ్యాటరీ వైరు ఇంకా పెట్టకపోతే తిరిగి పెట్టి, మూత తీసే ఉంచి ఇంజన్‌ని ఐడ్లింగ్‌లో నడపండి. 82 డిగ్రీల ప్రాంతంలో థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, పై హోస్ పైపు ఒక్కసారిగా వేడెక్కుతుంది, రేడియేటర్‌లో మట్టం కిందికి దిగుతుంది. దిగినంత పోసి మూత వేయండి. మొత్తం పోసింది దింపినదానికి బాగా తక్కువైతే లోపల గాలి ఉన్నట్టే, చల్లార్చి మళ్ళీ చూడండి.

మొదటి ట్రిప్పు దగ్గరలో, చదును రోడ్డు మీద పెట్టుకోండి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి దాకా ఖాళీగా వెళ్ళి వచ్చినా చాలు. వచ్చాక పూర్తిగా చల్లారనిచ్చి క్లిప్పు స్క్రూలు మరో కొద్దిగా బిగించండి. రబ్బరు వేడికి సర్దుకుంటుంది కాబట్టి అవి కాస్త వదులవుతాయి. నిపుల్‌ని మాత్రం మళ్ళీ తిప్పకండి, ఆరిన సీలెంట్ పగులుతుంది. ఒక వారం పాటు పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మట్టం చూడండి. గాలి ట్యాంకు గేజి నిండటానికి ఎంతసేపు పడుతుందో కూడా గమనించండి. మట్టం ఇంకా తగ్గుతుంటే, కొత్త నిపుల్ చుట్టూ పొడిగానే ఉంటే, మూత తీసి ఇంజన్ స్టార్ట్ చేయించి రేడియేటర్‌లోకి చూడండి. చల్లటి ఇంజన్ మీదే ఆగకుండా బుడగలు పైకి వస్తుంటే లోపం హెడ్ గాస్కెట్‌లోనో, కంప్రెసర్ హెడ్డులోనో ఉంది. అప్పుడు లోడు ఎక్కించకుండా బండిని నేరుగా షెడ్డుకి తీసుకెళ్ళండి.